కందెనవోలు సాయిబులం

కర్నూలు అంటే మీకు కొండారెడ్డి బురుజు. 2003లో ‘ఒక్కడు’ సినిమా వచ్చాక అయితే మరీను. బురుజు ముందు సుమోలు, తెల్లచొక్కాలు, కత్తులు. మేం హైదరాబాదు బస్సెక్కి, పక్కసీటాయన అడిగితే మాది కర్నూలు అంటాం. ‘అబ్బో, బాంబులా!’ అని నవ్వుతాడు. కాసేపయ్యాక పేరు అడుగుతాడు. చెప్తాం. నవ్వు కొంచెం తగ్గుతుంది. ‘ముస్లిమ్సా మీరు? తెలుగు బాగా మాట్లాడతారే!’ అంటాడు. మంచి మనిషే, మెచ్చుకుంటున్నాననే అనుకుంటాడు. బాంబుల మాట మాకు పెద్దగా తగలదు. ఈ రెండోమాటే తగులుతుంది. మా ఊళ్ళో మేం మాట్లాడే భాష మాకు బాగా వచ్చినందుకు ఎవరైనా ఆశ్చర్యపోతే మేమేం జవాబు చెప్పాలి?

అందుకే ఈ ఊరి గురించి మేం కూడా నాలుగు మాటలు చెప్పదలిచాం. ఈ ఊరు ఏం తింటుంది, ఎట్లా బతుకుతుంది, ఆ బతుకులో మేం యాడున్నాం అనేది.

ముందు పేరు సంగతి. అలంపురంలో గుళ్ళు కట్టేటప్పుడు రాళ్ళ బండ్లు తుంగభద్ర దాటడానికి ముందు ఈ ఒడ్డున ఆగేవట. ఇరుసులకు ఇక్కడ కందెన పూసుకొని ఏట్లోకి దిగేవట. ఆ కందెన వల్ల కందెనవోలు, అదే కందనవోలు, అదే కర్నూలు. ఇది కథేగానీ శాసనం కాదు. అయినా మాకీ కథ ఇష్టం. ఊళ్ళకు రాజుల పేర్లుంటాయి, దేవుళ్ళ పేర్లుంటాయి. మా ఊరికి మాత్రం బండి ఇరుసు జిడ్డు పేరు. ఈ రోజుకీ హైదరాబాదు-బెంగళూరు రోడ్డు మీద లారీ షెడ్లకు పోయి చూడండి. లారీ కింద వెల్లకిలా పడుకొని గ్రీజు కొడుతున్న పిల్లల్ని పేర్లు అడగండి. ఇమ్రాన్, బాషా, రఫీ, ఖాజా. ఊరి పేరుకు అర్థం ఎవరి చేతుల మీదుందో మీకే తెలుస్తుంది. టీవీల్లో, ఫోన్లలో మమ్మల్ని ఎగతాళి చేయడానికి ‘పంచర్‌వాలా’ అనే మాట ఒకటి ఉత్తరాది నుంచి దిగుమతయింది. పంచర్ వేయడం తిట్టెట్లా అవుతుందో మాకిప్పటికీ అర్థం కాలేదు. లారీ ఆగిపోతే తెలుస్తుంది.

తుంగభద్ర ఒక పక్క, హంద్రీ ఒక పక్క. రెండూ కలిసేచోట పాతూరు. తుంగభద్ర మాకు ఎప్పుడూ ఏరూ, సరిహద్దూ రెండూను. ఒకప్పుడు అవతలి ఒడ్డు నిజాముది, ఇవతలి ఒడ్డు ఇంగ్లీషువాళ్ళది. 1956లో రెండు ఒడ్లూ ఒకటే రాష్ట్రం అయ్యాయి. 2014 జూన్ 2న మళ్ళీ వేరయ్యాయి. ప్రభుత్వాలకు సరిహద్దుగానీ మాకు అవతలి ఒడ్డంటే మేనత్తలూ వియ్యాలవాళ్ళూ. అలంపురం పోతే జోగులాంబ గుడి దగ్గరే షా అలీ పహిల్వాన్ దర్గా. ఇప్పుడది తెలంగాణ. ఉర్సుకు పోయే మా ముసలమ్మలకు రాష్ట్రం దాటుతున్నామనే ధ్యాస వుండదు, బస్సు చార్జీ ధ్యాసే వుంటుంది.

చరిత్ర అడిగితే మమ్మల్ని తిన్నగా నవాబుల దగ్గరికి తీసుకుపోతారు. హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ వుంది. బీజాపూరు సుల్తానుల తరఫున ఈ ఊరినేలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. 1618 నాటిది. దాని చుట్టూ ఇప్పుడు ఇళ్ళూ మోరీలూ. ఆ తర్వాత మొగలాయిలు, పన్నీ పఠాన్ నవాబులు. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్. కోటలో ఫిరంగులూ మందుగుండూ దాచాడని, తమ మీద కుట్ర పన్నుతున్నాడని 1839లో కంపెనీ సైన్యం వచ్చింది. జోరాపూర్ దగ్గర కొట్లాట జరిగింది. నవాబును పట్టుకొని తిరుచిరాపల్లిలో పెట్టారు. 1840లో అక్కడ ఆయన కత్తిపోటుకు చచ్చిపోయాడు. ఊరు కంపెనీది అయిపోయింది.

ఇంకో ఏడేళ్ళు తిరక్కముందే, 1846లో, ఇదే సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. ఆయన పాట మా పిల్లలకూ వచ్చు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెడితే మేమూ సంతోషపడ్డాం, పెట్టాల్సిన పేరే. అయితే మా బళ్ళో పుస్తకాల్లో గులాం రసూల్ ఖాన్ ఒక్క వాక్యంలో కూడా మాకు కనబడలేదు. ఆయన వీరుడో, వట్టి భయస్తుడో, మాకొక అభిప్రాయం ఏర్పడే అవకాశమే రాలేదు.

ఇందులో మరో మడత పేచీ వుంది. నవాబుల పేరెత్తితే ‘మీరు ఏలినవాళ్ళు కదా’ అంటారు. మేం యాడ ఏలాం? నవాబు కోటలో కూర్చున్నప్పుడు మా ముత్తాతలు దూది ఏకుతున్నారు, తోళ్ళు వూనుతున్నారు, గుర్రాలకు లాడాలు కొడుతున్నారు, గాజులమ్ముతున్నారు. నవాబు పోయినాకా అవే పనులు చేశారు. ఏలినవాడి మతం మాదైనందుకు ఏలుబడి మాది కాలేదు. నింద మాత్రం మాకు ఆస్తిలాగ వచ్చింది.

సభల్లో ఇంకో మాట చెప్తారు. ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చాడని, అదే మంత్రాలయమని. చప్పట్లు కొడతారు. మేమూ కొడతాం. ఇంటికొచ్చే దారిలో మాత్రం అనిపిస్తుంది, మేమీ ఊళ్ళో వుండడానికి మూడొందల ఏళ్ళనాటి నవాబు మంచితనాన్ని సాక్ష్యం తెచ్చుకోవాలా? పక్కింటి సుబ్బన్నను ఎవరూ సాక్ష్యం అడగరే.

భాష సంగతికొస్తే, మా ఇళ్ళల్లో దక్కనీ. ‘నక్కో’, ‘హౌ’, ‘కైకు’. లక్నో ఉర్దూవాళ్ళు వింటే నవ్వుతారు, హైదరాబాదువాళ్ళు కూడా ‘రాయలసీమ ఉర్దూ’ అని మూతి తిప్పుతారు. మా అమ్మీలు ‘ఏందప్పా’ అని మొదలుపెట్టి ఉర్దూలో ముగిస్తారు. వంటింట్లో సగం సామాన్ల పేర్లు తెలుగే. 1947లో అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హక్ ఈ ఊళ్ళో ఉస్మానియా కాలేజీ పెట్టారు. దేశం రెండు ముక్కలవుతున్న ఏడాది, మా వాళ్ళు ఎటు పోవాలా అని గుసగుసలు పోతున్న ఏడాది, ఆయన ఇక్కడ కాలేజీ గోడలు లేపారు. అంతకంటే గట్టిగా ‘మేం యాడికీ పోం’ అని చెప్పడం ఎట్లాగో మాకు తెలీదు. హిందువుల పిల్లలూ అక్కడే చదివారు. 2016లో ఆయన పేరు మీద ఉర్దూ యూనివర్సిటీ వచ్చింది. ఉర్దూ చదివితే ఉద్యోగం యాడొస్తుంది అనే ప్రశ్న మాత్రం యూనివర్సిటీ కంటే పాతది, ఇంకా అట్లాగే వుంది.

దక్కనీ రాని సాయిబులు కూడా మాలో వున్నారు. దూదేకులవాళ్ళు. ఇంట్లో తెలుగే. అమ్మను అమ్మా అనే పిలుస్తారు. ఊరివాళ్ళకు వాళ్ళు సాయిబులు. మసీదులో మా వాళ్ళకు ‘నమాజు సరిగ్గా రాని’ దూదేకులోళ్ళు. పెళ్ళి సంబంధం అనేసరికి షేకులూ సయ్యదులూ పఠానులూ వెనక్కి జరుగుతారు. ఈ మాట మేం దాచిపెట్టం. అందరూ సమానమని చెప్పే వరసలో భుజం భుజం కలిపి నిలబడి, బయటికొచ్చి కులం లెక్కేసే మా పద్ధతి మాకు కొత్త కాదు. ఇక తెలుగులో ‘పింజారీ’ అనేది ఎంత తేలికైన తిట్టో మీకు తెలుసు. పింజారీ అంటే దూది ఏకేవాడు. అంతే. ప్రభుత్వ బీసీ జాబితాలో వున్న కులం పేరది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడు బళ్ళో సర్టిఫికెట్ చూపించేటప్పుడు పక్క పిల్లలు ఎందుకు నవ్వుతున్నారో వాడికి అర్థమయ్యే రోజొకటి వుంటుంది.

తిండి దగ్గర మాత్రం ఈ ఊరు తేడాలు చూపించలేదు. చూపించడం చేతగాలేదు. పొద్దున ఉగ్గాని. బొరుగులు నీళ్ళల్లో తడిపి పిండి, ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడితే అయిపోయింది. మా దాదీ చివర దీర్ఘం తీసి ‘ఉగ్గానీ’ అనేది, ఉర్దూ మాటే అన్నట్టు. రాత్రికి జొన్నరొట్టె. సాయంత్రం పాతూరు గేరీల్లో నడుస్తుంటే రొట్టెలు తట్టే చప్పుడు ఇంటింటా వినబడుతుంది. ఏది ఎవరిల్లో చప్పుడును బట్టి చెప్పలేరు. పెనం దిగాక, కూర దగ్గర కొంత తెలుస్తుంది. మీరు పుంటికూర అంటారు, మేం అంబాడా అంటాం. మీరు పప్పు వేస్తారు, మేం మాంసం వేస్తాం. మీ పప్పుచారులోకి సొరకాయ ముక్కలూ బొక్కల మాంసమూ దిగితే మా దాల్చా. చింతపండు లేని సాలన్ మా నోటికి ఎక్కదు. లక్నోవాళ్ళు చూస్తే దాన్ని కూడా నవ్వుతారేమో. రాగిసంగటి పక్కన పాయా పోసుకుని తిన్నవాడికి ఇది ఎవరి తిండి అనే అనుమానం రాదు.

రంజాన్‌కు షీర్‌ఖుర్మా చేసి ఇంటింటికీ పంపేవాళ్ళం. నీచు తినని కోమటోళ్ళ ఇంటికి మాత్రం వండింది పంపేవాళ్ళం కాదు. సేమియా, చక్కెర, జీడిపప్పు, ఎండు ఖర్జూరాలు పళ్ళెంలో పెట్టి, పైన రుమాలు కప్పి పంపేవాళ్ళం. వాళ్ళ గిన్నెలో వాళ్ళు వండుకునేవాళ్ళు. ఉగాదికి ఓళిగలు వచ్చేవి. ఇందులో అంటూ వుంది, మర్యాదా వుంది. మా పెద్దవాళ్ళు అంటును చూసీచూడనట్టు వదిలేసి మర్యాదను దాచుకున్నారు. ఇప్పుడు కూడా ఓళిగలు వస్తున్నాయి. స్టీలు గిన్నెలో వచ్చేవి కాగితం పళ్ళెంలో వస్తున్నాయి. గిన్నె తిరిగి ఇచ్చే పని లేదు. గిన్నె తిరిగిచ్చేటప్పుడు వట్టిది ఇవ్వగూడదని అందులో ఏదో ఒకటి వేసి ఇచ్చే పనీ లేదు.

కొత్త కాలనీల్లో ఇల్లు అద్దెకు అడిగితే ‘నీచు తినేవాళ్ళకు ఇవ్వం’ అంటారు. అట్లా అన్న ఒకాయన ప్రతి ఆదివారం మా చాచా కొట్లోనే పొట్టేలు మాంసం కొంటాడు, తొడ ముక్క అడిగి మరీ. చాచా ఆయనకు ఇప్పటికీ మంచి ముక్కే కోసిస్తున్నాడు. మా చుట్టుపక్కల పల్లెల్లో సుంకులమ్మ జాతరకు ఏట తెగాలన్నా ముల్లాసాయిబు కోసం కబురు పంపిన రోజులున్నాయి. దర్గాల్లో కందూరు చేసేవాళ్ళల్లో రెడ్లూ బోయలూ మాదిగలూ అందరూ వుంటారు. ఆ మొక్కుల వల్లే మా పక్క దస్తగిరిరెడ్డి, హుసేనప్ప, పక్కీరప్ప, మస్తానమ్మ అనే పేర్లు. బస్సులో పక్కసీటాయనకు హుసేనప్పను చూపిస్తే ఏమంటాడో!

పీర్ల పండగ సంగతి చెప్పకుండా ఈ ఊరి సంస్కృతి అని రాస్తే అది దొంగ రాత. గుండం తవ్వేది ఒకరు, పీర్లనెత్తేది ఇంకొకరు, డప్పు కొట్టేది మరొకరు. మలీదా, బెల్లం పానకం అందరిదీ. ఇప్పుడు మా కుర్రవాళ్ళు జమాత్‌కు పోయొచ్చి, ఇది దీన్‌లో లేదు, మానేయండి అంటున్నారు. అవతల కొంతమంది కుర్రవాళ్ళు, పీర్లు మనవి కాదు, మనమెందుకు ఎత్తాలి అంటున్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసి పళ్ళు కొరుక్కుంటారుగానీ అడిగేది ఒకటే, గుండం దగ్గర ఒక గీత గీయమని. ఇద్దరికంటే మా ముసలివాళ్ళకు మతం ఎక్కువ తెలుసని మా నమ్మకం.

ఇక ఈ ఊరి బతుకుదెరువు. ఈ ఊరు ఒకసారి రాజధాని కూడా అయింది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఇళ్ళు చాలక గుడారాలేసి ఆఫీసులు నడిపారు. గుడారాల కొయ్యలు సరిగ్గా పాతుకోకముందే హైదరాబాదు పోయింది. 2020లో న్యాయరాజధాని అన్నారు, అదీ నిలవలేదు. ఎవరైనా వచ్చి ఊరికి ఏదో ఇస్తామంటే మా ఊరి ముసలివాళ్ళు ‘గుడారమా, గోడనా’ అని అడుగుతారు.

నిలిచింది కాలవ. సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పోయే కె.సి. కెనాల్. 1860ల్లో మద్రాసు కంపెనీ ఒకటి పడవలకూ సేద్యానికీ కలిపి తవ్వింది. లాభం రాక చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. దానికింద ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. కర్నూలు సోనా బియ్యం అని హైదరాబాదులో మీరు అడిగి కొనేది ఈ నీళ్ళ పంటే. ఆ ఎకరాల్లో మా ఇళ్ళకు చెందినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మేం ఆ బియ్యాన్ని మిల్లులో మోస్తాం, లారీకెక్కిస్తాం, లారీ మీద పట్ట కడతాం, పట్ట చిరిగితే కుడతాం, లారీ చెడితే బాగుచేస్తాం. ఉల్లిగడ్డల మార్కెట్లోనూ అంతే. ధర పడిపోయిన ఏడు రైతు గడ్డలు పారబోసి ఏడుస్తూ పోతాడు. అతను పంట పెట్టకపోతే మరుసటేడు మా హమాలీకి పని లేదు. అతని ఏడుపు మాదాకా రావడానికి ఒక ఏడాది పడుతుంది.

దూది బతుకు వేరే రకంగా పోయింది. జిల్లాలో పత్తికి కొదవలేదు, ఆదోని మార్కెట్టుకు రాష్ట్రమంతా పేరు. ఏకే విల్లు భుజాన వేసుకొని, తీగ మీటుకుంటూ వీధుల్లో తిరిగే దూదేకుల తాతను చూసినవాళ్ళు మాలో ఇంకా వున్నారు. ఆ తీగ చప్పుడు విని ఆడవాళ్ళు పాత పరుపులు బయటేసేవాళ్ళు. తర్వాత మిషన్ వచ్చింది, విల్లు అటకెక్కింది. ఆ తర్వాత స్పాంజి పరుపులొచ్చాయి, మిషనూ మూలపడింది. పత్తి అట్లాగే పండుతోంది.

ఆడవాళ్ళు బీడీలు చుడతారు, మిషన్ కుడతారు, రవికెలకు ఉక్సులు వేస్తారు. ఇంట్లో కూర్చొని చేసేది కాబట్టి ఎవరూ పని అనరు, చేసే వాళ్ళు కూడా ‘ఊరికే వున్నాం’ అంటారు. 2007లో నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చాక కొన్ని ఇళ్ళల్లో డాక్టర్లూ ఇంజనీర్లూ అయ్యారు. ఆ ఇళ్ళల్లో మొదటి జీతంతో కొన్నది ఎక్కువగా ఫ్రిజ్. కొంతమంది గల్ఫ్ పోయారు. మిగతావాళ్ళు ఆటోలు, తోపుడుబండ్లు.

ఇదంతా 2009 అక్టోబరు 2న నీళ్ళల్లో మునిగింది. ఎగువన వానలు, తుంగభద్ర పొంగింది. కింద శ్రీశైలం నిండి నీళ్ళు వెనక్కి తన్నాయి. హంద్రీకి పోయే దారి లేక అది కూడా ఊళ్ళోకే తిరిగింది. పాతూరంతా పల్లం. మిద్దెలున్నవాళ్ళు మిద్దెలెక్కారు, లేనివాళ్ళు వున్నవాళ్ళ మిద్దెలెక్కారు. ఆ రాత్రి ఎవరి మిద్దె మీద ఎవరున్నారో, ఎవరి బియ్యం ఎవరు వండారో ఎవరూ అడగలేదు. మరి నీళ్ళు తీసేశాక చూస్తే గోడల మీద మనిషెత్తు కంటే పైన బురద గీత. బీరువాలు వుబ్బి తలుపులు రాలేదు. తెరిస్తే లోపల బట్టలూ కాగితాలూ కలిసి ముద్ద.

ఆ ముద్దలో ఏమున్నాయో అప్పుడు మాకు అంత పట్టలేదు. రేషన్ కార్డు మళ్ళీ ఇచ్చారు, ఓటు కార్డు మళ్ళీ ఇచ్చారు. ఇంటి దస్తావేజుకు నకలు తీసుకున్నవాళ్ళు తీసుకున్నారు. మా దాదీ నిఖానామా, తాత చదివిన ఉర్దూ బడి సర్టిఫికెట్, ఆయన పేరు సిరాతో రాసిన ఇంటిపన్ను రశీదులు, వీటికి నకళ్ళు యాడున్నాయి? బియ్యం పోయినాయని ఏడ్చాం, మిషన్లు పోయినాయని ఏడ్చాం. వాటి కోసం ఎవరూ ఏడవలేదు.

పదేళ్ళయింది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దాని వెనకే పౌరుల పట్టిక తయారుచేస్తారని, అమ్మానాన్నలు యాడ పుట్టారో చెప్పాలని, కాగితాలు చూపించాలని మాట పుట్టింది. అస్సాంలో ఆ ఏడాది ఆగస్టులోనే పట్టికలో 19 లక్షల మంది పేర్లు లేకుండా పోయాయి. మా గేరీల్లో రాత్రిళ్ళు ట్రంకుపెట్టెలు తీసే చప్పుడు మొదలయింది. ఒక్కో ఇంట్లో ఒక్కో రకం తప్పు. ఒక కార్డులో షేక్ ముందు, ఇంకో కార్డులో షేక్ వెనక. హుస్సేన్‌కు ఒకచోట సకారం ఒత్తు వుంది, ఒకచోట లేదు. దూదేకుల అవ్వ పేరు రేషన్ కార్డులో హుసేనమ్మ, ఓటరు జాబితాలో హుస్సేన్‌బీ. పుట్టినతేదీ అడిగితే ‘పెద్ద గాలివాన వచ్చిన ఏడు’ అంటుంది. ఆమెకు నవ్వొచ్చింది. ‘నేను యాడ పుట్టినానో ఏటినడుగుపో’ అనింది. ఏరే కదా కాగితాలు తీసుకుపోయింది.

మేం నవ్వలేదు. జెరాక్స్ షాపు ముందు వరసలో నిలబడ్డాం. మున్సిపల్ ఆఫీసులో జనన ధ్రువపత్రానికి అర్జీలు పెట్టాం. ఒక గుమాస్తా, తెలిసినాయనే, ‘మీకెందుకప్పా ఇంత భయం’ అన్నాడు. ఆయన ఇల్లు కూడా 2009లో మునిగింది. ఆయన కాగితాలూ పోయాయి. ఆయన మళ్ళీ ఏ కాగితమూ తీసుకోలేదు, తీసుకోవాలని ఆయనకు తట్టలేదు.

ఇప్పుడు మా గేరీలో చాలా ఇళ్ళల్లో ఒక ప్లాస్టిక్ సంచి వుంటుంది. ఆధార్లు, కార్డులు, పిల్లల మార్కుల జాబితాలు, కరెంటు బిల్లులు, తాత ఫోటో ఒకటి, అన్నీ కవర్లలో పెట్టి, దాన్నింకో కవర్లో పెట్టి, నోరు కట్టి పెడతారు. కుట్టుమిషన్ కిందనే వుంది, బియ్యం డబ్బా కిందనే వుంది. సంచి మాత్రం గోడకు మేకు కొట్టి వేలాడదీశారు, సున్నం కింద ఇంకా కనబడుతున్న ఆ బురద గీతకు రెండు మూరల పైన.